పాత కారుకు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు ఎలా ఎంచుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో 2009 స్విఫ్ట్ ఉంది. రోజూ విజయవాడ ట్రాఫిక్‌లో తిరుగుతుంది, ఏడాదికి ఒకట్రెండు సార్లు తిరుమలకో శ్రీశైలానికో వెళ్తుంది. ఇప్పటిదాకా ముందు డిస్కులు రెండుసార్లు మార్చాం. మొదటిసారి షాపులో ఏది చేతిలో పెడితే అది తెచ్చుకున్నాను. రెండోసారి మందం కొలిచే వెర్నియర్‌తో కొలిచి, పాత డిస్క్ మీద అంకెలు చదివి, ఆ తర్వాతే ఆటోనగర్ వెళ్లాను. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో స్వయంగా చూశాను. చుట్టాలు, తెలిసినవాళ్లు తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులు అందుకే ఒకచోట రాస్తున్నాను. ఆల్టో, వ్యాగన్ ఆర్, స్విఫ్ట్, శాంత్రో, ఐ10, ఇండికా లాంటి పదేళ్లు దాటిన చిన్న కార్లు దృష్టిలో పెట్టుకుని రాసినవివి.

మా కారుకు నాలుగు చక్రాలకూ డిస్కులు ఉంటాయా?

ఈ కార్లలో చాలావాటికి ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ము అంటే చక్రంతో తిరిగే గిన్నె, దానికి లోపలి నుంచి లైనర్లనే పట్టీలు నొక్కుకుని ఆపుతాయి. బ్రేక్ తొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ వాటా ముందు చక్రాలదే. రోటర్ అన్నా డిస్క్ అన్నా ఒకటే వస్తువు. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం అది. దానికి రెండు వైపులా ఉండి నొక్కి పట్టేవి ప్యాడ్లు. ఆ ప్యాడ్లను పట్టుకుని ఉండేది క్యాలిపర్.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి?

అందరూ మొదట అడిగేది ఇదే. నేను మాత్రం కిలోమీటర్ల లెక్క చెప్పను. బెంజ్ సర్కిల్ దగ్గర రోజూ నిలబడుతూ కదులుతూ వెళ్లే కారుకు, హైవే మీద హైదరాబాద్ వెళ్లొచ్చే కారుకు ప్యాడ్లు ఒకేలా అరగవు. ఒకే కారును అన్న నడిపినప్పుడు ఒకలా, తమ్ముడు నడిపినప్పుడు ఇంకోలా అరుగుతాయి. చూడాల్సింది మందం.

ప్యాడ్‌లో ఇనుప రేకు ఒకటి, దానికి అతికించిన మందు ఒకటి ఉంటాయి. మెకానిక్‌లు ఆ అరిగే భాగాన్ని మందు అనే అంటారు. కొత్త ప్యాడ్‌లో ఆ మందు చాలా కార్లకు ఇంచుమించు 10 మిల్లీమీటర్లు ఉంటుంది. అది 3 మిల్లీమీటర్లకు వచ్చిందంటే కొత్తవి కొనుక్కోవాలి. 2 దాకా లాగితే ప్రమాదం. రేకు డిస్క్‌ను తాకే దాకా ఆగితే ప్యాడ్లతో పాటు డిస్కులూ పోతాయి, పైగా అప్పుడు బ్రేక్ సరిగా పట్టదు కూడా.

చక్రం విప్పకుండా సందుల్లోంచి టార్చి వేసి చూస్తే బయటి ప్యాడ్ కనపడుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. లోపలి వైపు ప్యాడ్ దానికంటే ఎక్కువ అరిగి ఉండొచ్చు, పాత కార్లలో ఇది మామూలే. టైర్లు మార్పిడి చేయించినప్పుడల్లా చక్రం ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే లోపలి ప్యాడ్ కూడా చూపించమని అడగండి. ఒక్క నిమిషం పని.

బ్రేక్ తొక్కితే కీచుమంటోంది. ప్యాడ్లు అయిపోయినట్టేనా?

కొన్ని ప్యాడ్లకు చిన్న ఇనుప నాలుక ఉంటుంది. మందు అరిగాక అది డిస్క్‌కు రాసుకుని కీచుమంటుంది, మార్చమని చెప్పడానికే దాన్ని పెడతారు. వాన పడ్డ మర్నాడు ఉదయం రెండు మూడు బ్రేకుల దాకా వచ్చే గరగర మాత్రం డిస్క్ మీది పైపై తుప్పు. అదే పోతుంది. రోజంతా ఉండే శబ్దమైతే విప్పి చూడాల్సిందే. ఇనుముకు ఇనుము రాసుకునే కరకర వినపడితే ఆ రోజు బండి తీయకండి.

ప్యాడ్లు మారిస్తే చాలా, డిస్కులు కూడా మార్చాలా?

అసలు డబ్బులు మిగిలేది, పోయేది ఇక్కడే. కొన్ని చోట్ల ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్కులూ మార్చమంటారు. ఇంకొన్ని చోట్ల డిస్క్ రేకులా అయిపోయినా ఇంకో ఏడాది పోతుందంటారు. ఇద్దరి మాటా వినక్కర్లేదు. జవాబు డిస్క్ మీదే ఉంటుంది.

డిస్క్ మధ్యలో పైకి లేచిన గిన్నె లాంటి భాగం మీదో, అంచు మీదో ఇంగ్లీషులో ‘మిన్’ అనే మూడక్షరాలు, వాటి పక్కన ఒక అంకె ఉంటాయి. తుప్పు పట్టి కనపడకపోతే వైరు బ్రష్షుతో రుద్దండి. ఆ అంకె ఆ డిస్క్ ఉండదగ్గ అతి తక్కువ మందం. ఉదాహరణకు కొత్తప్పుడు 17 మిల్లీమీటర్లుండి, దాని మీద 15 అని ఉంటే, అరగడానికి ఉన్నది మొత్తం 2 మిల్లీమీటర్లే. కొలిస్తే 16.3 వచ్చిందనుకోండి, కొత్త ప్యాడ్లతో ఇంకో విడత నడుస్తుంది. 15.2 వస్తే ఈ ప్యాడ్లు అరిగేలోపే హద్దు దాటిపోతుంది కాబట్టి ఇప్పుడే మార్చేయాలి.

కొలిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. డిస్క్ చివర ప్యాడ్ తగలని చోట ఒక గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీద ఆనితే మందం ఎక్కువ చూపిస్తుంది. దానికి నేను చేసేది ఇది: ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని, గట్టుకు లోపల డిస్క్‌కు అటొకటి ఇటొకటి ఆనించి, వాటి మీద నుంచి కొలుస్తాను. తర్వాత ఆ రెండు బిళ్లల్నీ కలిపి కొలిచి, ఆ మందం తీసేస్తాను. మిగిలిందే డిస్క్ మందం. ఒక్కచోట కాకుండా చుట్టూ ఐదారు చోట్ల కొలవండి. మొన్న డిస్కులు మార్చేముందు మా బండికి ఒక చోట 15.1, ఎదురుగా 14.9 వచ్చాయి. మా మెకానిక్ చూసి, “ఇంకా గీతలు కూడా లేవు కద సార్, ఎందుకు మార్చడం” అన్నాడు. “గీతలు కాదన్నా, అంకె చూడు” అని డిస్క్ మీది 15 చూపించాను. అప్పటి నుంచి తను కూడా ఒక వెర్నియర్ పెట్టెలో పెట్టుకున్నాడు.

పలచబడిన డిస్క్ చూడ్డానికి నున్నగా బాగానే ఉంటుంది. కానీ ఇనుము తగ్గిపోయింది కాబట్టి వేడిని దాచుకోలేదు, త్వరగా కాలిపోతుంది, పగుళ్లు వస్తాయి. మందం సరిపోయినా అంచు నుంచి లోపలికి పాకిన పగుళ్లు, గోరు దిగేంత లోతు గాడులు, ప్యాడ్ తగిలే చోట తుప్పు గుంటలు ఉంటే మార్చేయడమే.

లేత్ పట్టిస్తే సరిపోదా?

సరిపోవచ్చు. లేత్ పట్టించడమంటే డిస్క్‌ను యంత్రం మీద తిప్పుతూ పైపొర చెక్కి నున్నగా చేయించడం. గాడులు తీసేశాక కూడా మందం ఆ అంకెకు పైనే, కొంచెం మార్జిన్‌తో ఉండాలి. లేత్ ఎక్కించకముందే కొలిస్తే ఆ లెక్క తెలిసిపోతుంది. చిన్న కార్ల సాలిడ్ డిస్కులు అసలే పలచన. వాటికి లేత్ కూలి పెట్టేకంటే కొత్తవి వేసుకోవడం మేలని నా అభిప్రాయం.

బ్రేక్ తొక్కితే పెడల్, స్టీరింగ్ వణుకుతున్నాయి. డిస్క్ వంకర పోయిందా?

అలాగే అంటారు గానీ డిస్క్ నిజంగా వంగడం అరుదు. ఎక్కువసార్లు జరిగేది చుట్టూ మందం ఒకేలా లేకపోవడం. ఒకచోట మందంగా, ఒకచోట పలచగా అరిగితే ప్యాడ్లు చక్రం తిరిగినప్పుడల్లా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి కదులుతాయి. అదే మీ కాలికి వణుకుగా తెలుస్తుంది.

అలా అరగడానికి కారణం తరచూ బిగింపులోనే ఉంటుంది. డిస్క్ కూర్చునే హబ్ మీద తుప్పు పొర ఉండగానే కొత్త డిస్క్ ఎక్కిస్తే అది కాస్త వాలి కూర్చుంటుంది. ఆ వాలు చాలా కార్లకు 0.1 మిల్లీమీటరు కూడా మించకూడదు, అంటే దాదాపు ఒక తల వెంట్రుక మందం. కాబట్టి హబ్ మీద చిటికెడు తుప్పు రజను ఉన్నా చాలు. మొదటి రోజు వణుకు ఉండదు. కొన్ని వేల కిలోమీటర్లు ఆ వాలుతో తిరిగాక మందంలో తేడా వస్తుంది, అప్పుడు మొదలవుతుంది. షాపువాడు డిస్క్ మంచిదే అంటాడు, మెకానిక్ డిస్క్ బాలేదంటాడు, డబ్బులు మనవి పోతాయి. గాలి తుపాకీతో చక్రం నట్లు ఇష్టమొచ్చినట్టు బిగించినా ఇదే ఫలితం.

మా కారుకు ఏ డిస్క్ సరిపోతుందో ఎలా తెలుస్తుంది?

కారు పేరు చెబితే చాలదు. ఒకే పేరుతో పదేళ్లు అమ్ముడైన కారుకు మధ్యలో డిస్క్ సైజు మారి ఉండొచ్చు. పెట్రోలుకు, డీజిల్‌కు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) ఉన్నదానికి, లేనిదానికి వేరుగా ఉండొచ్చు. ప్యాడ్ల ఆకారమూ అంతే. ఆర్‌సీలో ఉన్న తయారీ నెల, సంవత్సరం, ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ పార్ట్స్ కౌంటర్‌లో పార్టు నంబరు కనుక్కోండి. తర్వాత కొనేది ఎక్కడైనా ఆ నంబరుతోనే అడగండి.

వీలైతే పాత డిస్క్, పాత ప్యాడ్ పట్టుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోవడం అన్నిటికంటే ఖాయం. వ్యాసం, మందం, మధ్య కన్నం, బోల్టు కన్నాల సంఖ్య, గిన్నె ఎత్తు, ఈ ఐదూ కలవాలి. రెండు పలకల మధ్య గాలి సందులున్నది వెంటిలేటెడ్ డిస్క్, ఒకే పలకగా ఉన్నది సాలిడ్. మీ కారుకు ఏది వచ్చిందో అదే వేయాలి. సాలిడ్ చోట వెంటిలేటెడ్ వేస్తే ఇంకా బాగుంటుందనుకోవద్దు, క్యాలిపర్‌లో అది పట్టనే పట్టదు.

కంపెనీ పార్టా, బయటి బ్రాండా?

కార్ల కంపెనీలు చాలావరకు ప్యాడ్లు, డిస్కులు సొంతంగా తయారు చేయవు. విడిభాగాల కంపెనీల దగ్గర చేయించుకుని తమ డబ్బాలో అమ్ముతాయి. మారుతికి ఎంజీపీ (మారుతి జెన్యూన్ పార్ట్స్), హ్యుందాయ్‌కి మోబిస్ అలా వచ్చేవే. బయట షాపుల్లో రానే, టీవీఎస్ గర్లింగ్, బాష్, అలైడ్ నిప్పాన్, బ్రెంబో లాంటి పేర్లు దొరుకుతాయి. ఇవన్నీ తెలిసిన కంపెనీలే. మీ కారుకు సరైన పార్టు నంబరు వాటిలో ఉంటే నిశ్చింతగా వేసుకోవచ్చు.

నా పద్ధతి చెబుతాను. ప్యాడ్లు కంపెనీవే వేస్తాను, ఎందుకంటే ఆ కారు బరువుకు, వెనక డ్రమ్ములకు సరిపడేలా లెక్క చూసి పెట్టిన మందు అది. డిస్క్ మాత్రం పోత ఇనుము పళ్లెం. తెలిసిన బ్రాండ్ అయితే, కొలతలు కలిస్తే బయటిదైనా తీసుకుంటాను. ప్యాడ్ల సెట్టు ఖర్చు మా బండి ఫుల్ ట్యాంకు పెట్రోలు కంటే తక్కువే. అక్కడ కక్కుర్తి పడాల్సిన పని లేదు.

డూప్లికేట్ సరుకును గుర్తుపట్టడమెలా?

కొన్నేళ్ల కిందట నేనే మోసపోయాను. కంపెనీ డబ్బాలోనే సగం ధరకు ఇస్తున్నారని రోడ్డు పక్క ఒక షాపులో ప్యాడ్లు కొన్నాను. డబ్బా అచ్చం అలాగే ఉంది. మూడు నెలలు తిరగకుండానే కుడి చక్రం నుంచి గరగర మొదలైంది. విప్పి చూస్తే లోపలి ప్యాడ్ మీద మందు మధ్యకు పగిలి, ఒక మూల రేకును వదిలి ఊడిపోయింది. గోటితో కదిపితే మిగతా ముక్క కూడా కదిలింది. బిస్కెట్ విరిగినట్టు విరిగిన ఆ అంచు, దాని వెనక మెరుస్తున్న రేకు ఇప్పటికీ కళ్లముందున్నట్టే ఉంది. ఆ వారమే పిల్లల్ని తీసుకుని శ్రీశైలం వెళ్లాల్సింది. ప్యాడ్ల మీద మిగిల్చిన డబ్బుకు మూడింతలు పెట్టి డిస్క్‌లు మార్చాల్సి వచ్చింది.

అప్పటి నుంచి చూసేవి ఇవి. ప్యాడ్ రేకు మీద పార్టు నంబరు, బ్యాచ్ నంబరు చెక్కినట్టో ముద్ర వేసినట్టో ఉండాలి, స్టిక్కర్ మాత్రమే ఉంటే వద్దు. మందుకు, రేకుకు మధ్య అంచు చుట్టూ గోరు నడిపిస్తే ఎక్కడా సందు తగలకూడదు. నాలుగు ప్యాడ్లూ ఒకే మందంలో, ఒకే రంగులో ఉండాలి. డబ్బా మీద తయారీ తేదీ, ధర, కంపెనీ చిరునామా తప్పుల్లేకుండా అచ్చై ఉండాలి. డిస్క్ మీద మిన్ అంకె లేకపోతే దాన్ని అక్కడే పెట్టేసి రండి. అన్నిటికీ మించి జీఎస్టీ బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న చోట ఆటోనగర్ అయినా, సికింద్రాబాద్ రాణిగంజ్ అయినా బ్రేక్ సామాన్లు కొనవద్దు.

ఆర్గానిక్, సెమీ మెటాలిక్, సిరామిక్ అంటున్నారు. ఏది వేయాలి?

ఇవి ప్యాడ్ మందులో రకాలు. ఆర్గానిక్ మెత్తన. శబ్దం తక్కువ, డిస్క్‌ను తక్కువ తింటుంది, చల్లగా ఉన్నప్పుడు కూడా బాగా పడుతుంది. కాకపోతే త్వరగా అరుగుతుంది, బాగా వేడెక్కితే పట్టు తగ్గుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుప పొడి, పీచు కలుస్తాయి కాబట్టి వేడికి తట్టుకుంటుంది. అందుకు ప్రతిఫలంగా శబ్దం, నల్లటి దుమ్ము, డిస్క్ అరుగుదల ఎక్కువ. సిరామిక్‌తో దుమ్ము తక్కువ, శబ్దం తక్కువ, ధర ఎక్కువ.

ఊళ్లో తిరిగే పాత చిన్న కారుకు కంపెనీ నుంచి ఏ రకం వచ్చిందో అదే చాలు. ఐదుగురు, సామాన్లు వేసుకుని తరచూ ఘాట్ ఎక్కేవాళ్లు మంచి బ్రాండ్ సెమీ మెటాలిక్ ఆలోచించవచ్చు.

కొన్ని ప్యాడ్ల అంచు మీద ‘ఈఈ’, ‘ఎఫ్ఎఫ్’, ‘జీజీ’ లాంటి రెండక్షరాలు ఉంటాయి. అవి రాపిడి గుణకం గుర్తులు, అంటే ప్యాడ్ ఎంత గట్టిగా పడుతుందో చెప్పేవి. మొదటిది మామూలు వేడిలో, రెండోది బాగా కాలినప్పుడు. ఈ అంటే 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.35 నుంచి 0.45, జీ అంటే 0.45 నుంచి 0.55. పాత ప్యాడ్ మీద ఎఫ్ఎఫ్ ఉంటే కొత్తదీ ఎఫ్ఎఫ్ తీసుకోండి. ఎక్కువ పట్టు అని జీజీ వేస్తే, ఏబీఎస్ లేని కారులో తడి రోడ్డు మీద ముందు చక్రాలు త్వరగా లాక్ అయ్యే అవకాశం ఉంది.

కన్నాలు, గీతలు ఉన్న స్పోర్ట్స్ డిస్కులు వేయించుకోవచ్చా?

అవసరం లేదు. కన్నం వేసిన ప్రతి చోటా ఇనుము తగ్గుతుంది, నాసిరకం వాటిలో పగుళ్లు ఆ కన్నాల దగ్గరే మొదలవుతాయి. ఆ డబ్బుతో మంచి టైర్లు వేసుకుంటే కారు నిజంగానే తక్కువ దూరంలో ఆగుతుంది.

ఒక వైపు మాత్రమే పాడైంది. ఆ ఒక్కటే మార్చవచ్చా?

వద్దు. డిస్కులు, ప్యాడ్లు ఎప్పుడూ కుడి ఎడమ కలిపి జతగానే మార్చాలి. ఒక పక్క కొత్తది బాగా పట్టి, రెండో పక్క పాతది తక్కువ పడితే బ్రేక్ తొక్కగానే బండి ఒక వైపు లాగుతుంది. మన దగ్గర కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. అంతకుముందు కార్లలో చాలా వేరియంట్లకు అది లేదు కాబట్టి వానలో ఈ లాగుడు ఇంకా ప్రమాదం. పైగా ఒక వైపే ముందుగా అరిగిందంటే అక్కడ క్యాలిపర్ జారే పిన్నో, ప్యాడ్‌ను డిస్క్ మీదికి నెట్టే పిస్టనో కదలకుండా పట్టేసి ఉంటుంది. అది చూడకుండా కొత్తవి వేస్తే అవీ అలాగే పోతాయి.

పాత సామాన్ల షాపులో డిస్క్ చవగ్గా దొరుకుతోంది?

తలుపో, అద్దమో, సీటో తెచ్చుకోండి, తప్పు లేదు. బ్రేక్ డిస్క్ మాత్రం వద్దు. అది ఎంత కాలిందో, ఏ యాక్సిడెంట్ బండిదో చూస్తే తెలియదు.

బిగించేటప్పుడు దగ్గరుండి ఏం చూసుకోవాలి?

ఎంత మంచి సామాను కొన్నా ఈ గంట పని సరిగా జరగకపోతే దండగే. అందుకే ఈ జవాబు కాస్త పొడుగు.

క్యాలిపర్ విప్పాక దాన్ని బ్రేక్ గొట్టానికి వేలాడదీయకూడదు. తీగతో స్ప్రింగుకు కట్టాలి. పాత కారు రబ్బరు గొట్టం ఆ బరువుకు లోపల చీలినా పైకి కనపడదు. ఆ గొట్టాన్ని వంచి చూడండి, పగుళ్లుంటే అదీ మార్చాలి.

క్యాలిపర్ జారే పిన్నులు రెండుంటాయి. వాటిని బయటికి తీసి తుడిచి, వేలితో నెడితే సాఫీగా కదులుతున్నాయో లేదో మీరే చూడండి. పదేళ్ల కార్లలో లోపలి ప్యాడ్ ముందుగా అరగడానికి చాలాసార్లు కారణం ఈ పిన్నులే. వాటికి బ్రేకుల కోసమే వచ్చే సిలికాన్ గ్రీజు రాయాలి. డబ్బాలో ఉండే మామూలు గ్రీజు తగిలితే రబ్బరు బూట్లు ఉబ్బిపోయి పిన్ను మళ్లీ పట్టేస్తుంది. ఆ గ్రీజు ట్యూబు చిన్నది దొరుకుతుంది, మీరే కొని తీసుకెళ్లండి.

హబ్ మొహాన్ని వైరు బ్రష్షుతో, ఎమెరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్దమనండి. పైన చెప్పిన వణుకు రాకుండా చేసేది ఈ పనే. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని బ్రేక్ క్లీనర్‌తోనో, సబ్బు నీళ్లతో కడిగి ఆరబెట్టో పూర్తిగా పోగొట్టాలి. లేకపోతే ఆ నూనె కొత్త ప్యాడ్లు పీల్చుకుంటాయి. జిడ్డు చేతులతో ప్యాడ్ మొహం ముట్టుకోవద్దు.

పాత దుమ్మును గాలి కొట్టి ఎగరగొట్టడం మన గ్యారేజీల్లో అలవాటు. పాత, చవక రకం లైనర్ల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడవమని చెప్పండి. ఆ పని రోజూ చేసే కుర్రాడి ఆరోగ్యం అది.

పిస్టన్ వెనక్కి నెట్టేముందు బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తీసి చూడాలి. ఎవరో మధ్యలో నింపి ఉంటే ఆయిల్ పొంగి బయటికి వస్తుంది, అది పెయింటును తినేస్తుంది. చివరగా చక్రం నట్లను ఎదురెదురుగా, చేతి స్పానర్‌తో కొద్దికొద్దిగా బిగించి, టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించామో చూపే స్పానర్) ముగించాలి.

బ్రేక్ ఆయిల్ కూడా మార్చాలా?

రెండేళ్లు దాటితే మార్చండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, పీల్చేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. డాట్ 3, డాట్ 4 అనేవి బ్రేక్ ఆయిల్ రకాలు. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి అవి 230, 155. మరిగితే గొట్టంలో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ స్పాంజిలా కిందికి పోతుంది. మూత మీద ఏది రాసి ఉంటే అది వాడండి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని వీటిలో కలపకూడదు.

ఆయిల్ మట్టం తగ్గిందంటే లీకే కానక్కర్లేదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు వచ్చి ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది. మట్టం తగ్గితే నింపడం కాదు, ముందు ప్యాడ్లు చూడాలి.

కొత్త ప్యాడ్లు వేశాక బ్రేక్ ముందుకంటే తక్కువ పడుతోంది?

మొదట్లో అలాగే ఉంటుంది. ప్యాడ్ మొహం డిస్క్‌కు పూర్తిగా కూర్చోవాలి. ఖాళీ రోడ్డు మీద 60 వేగం నుంచి 20 దాకా మెల్లగా తగ్గించి, కాసేపు నడిపి చల్లబరచి, మళ్లీ అలాగే ఎనిమిది పదిసార్లు చేయండి. మధ్యలో పూర్తిగా ఆగి బ్రేక్ నొక్కి పట్టుకోవద్దు, కాలిన ప్యాడ్ ముద్ర డిస్క్ మీద పడుతుంది. మొదటి 300 కిలోమీటర్లు గట్టి బ్రేకులు తగ్గించండి, ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. మర్నాడే తిరుమల ప్రయాణం పెట్టుకోకండి.

ఘాట్ దిగేటప్పుడు వాసన వచ్చి బ్రేక్ తగ్గింది. ప్యాడ్లు మంచివి కావా?

చాలాసార్లు తప్పు ప్యాడ్లది కాదు. ఒక లెక్క చూడండి. నలుగురితో కలిపి కారు 1,200 కిలోలు అనుకుంటే, 80 వేగం నుంచి ఒక్కసారి ఆపినప్పుడు పుట్టే వేడితో లీటరు నీళ్లు మరిగించే దాకా తీసుకురావచ్చు. అదే కారు 600 మీటర్ల ఎత్తు నుంచి దిగేసరికి మొత్తం వేడి 20 లీటర్ల మంచినీళ్ల క్యాను మరిగించడానికి సరిపోయి ఇంకా మిగులుతుంది. కొంత గాలికి, కొంత ఇంజిన్‌కు పోతుంది. మీరు న్యూట్రల్‌లో వేసుకుని దిగితే ఇంజిన్ వాటా కూడా ఆ రెండు డిస్కులే మోయాలి.

అందుకే ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ ఆ గేరే, రెండో మూడో. కాలు పెడల్ మీద ఆనించి ఉంచకుండా, కాస్త గట్టిగా తొక్కి వేగం తగ్గించి వదిలేయాలి. తిరుమల ఘాట్ దిగేవాళ్లు ఫలానా సమయం కంటే ముందే కిందికి చేరకూడదన్న నిబంధన ఉంది కదా, అది బ్రేకులకు కూడా మేలే. వాసన వస్తే వీలున్న చోట పక్కకు ఆపి అరగంట ఆగండి. నీళ్లు మాత్రం పోయవద్దు, కాలిన పోత ఇనుము పగులుతుంది.

వెనక డ్రమ్ములను పట్టించుకోవాలా?

కచ్చితంగా. ముందు డిస్కులు మార్చినప్పుడే వెనక డ్రమ్ములు విప్పి లైనర్లు, వాటిని నెట్టే వీల్ సిలిండర్ లీకు చూసి, అడ్జస్ట్ చేయించండి. హ్యాండ్ బ్రేక్ బాగా పైకి వస్తోందంటే అది అడుగుతున్నది ఇదే.

అమెరికాలో పాత కారు వాడుతున్నాం. అక్కడ తేడా ఏమైనా ఉందా?

కొలిచే పద్ధతి ఒకటే. మంచు రాష్ట్రాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కాబట్టి అరగకముందే డిస్కులు తుప్పుతో పోతాయి. అక్కడ గిన్నె భాగానికి, అంచులకు పూత వేసిన డిస్కులు కొంచెం ఎక్కువైనా తీసుకోండి. కాలిఫోర్నియా, వాషింగ్టన్ చట్టాల వల్ల 2025 నుంచి అక్కడ అమ్మే కొత్త ప్యాడ్లలో రాగి 0.5 శాతం లోపు ఉండాలి. డబ్బా మీద మూడు ఆకుల గుర్తు, ‘ఎన్’ అక్షరం ఉంటే అది ఆ రకం. విశాఖ, కాకినాడ సముద్రపు గాలిలో ఉండేవాళ్లకు కూడా పూత డిస్కుల మాట వర్తిస్తుంది.

పదిహేనేళ్లు నిండుతున్నాయి, ఆర్‌సీ రెన్యువల్‌కు బ్రేకులు చూస్తారా?

చూస్తారు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగుస్తుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూసి పొడిగిస్తారు. డిస్కులు హద్దు దగ్గర ఉంటే ఆ తేదీకి నెల ముందే మార్పించుకోండి, కొత్తవి కూర్చోవడానికి టైమ్ ఉంటుంది.

పని అయ్యాక తాళాలు చేతికిచ్చారు. మొదట ఏం చేయాలి?

బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా నాలుగైదు సార్లు తొక్కండి. పిస్టన్లు వెనక్కి నెట్టి ఉంటారు కాబట్టి మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు పోతుంది. గ్యారేజీ నుంచి అలాగే రోడ్డెక్కి ముందు బండిని గుద్దినవాళ్లున్నారు. తర్వాత మెల్లగా ఒక రౌండు వేసి దిగి, రెండు ముందు చక్రాల దగ్గర చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడండి. ఒకటి గోరువెచ్చగా, ఇంకొకటి సెగలు కక్కుతూ ఉంటే అక్కడ పిన్ను పట్టేసినట్టు, అప్పుడే వెనక్కి తిప్పండి. వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి చూడండి. పాత డిస్కులు అక్కడ వదిలేయకుండా అడిగి తెచ్చుకోండి, తూకానికి ఇనుము ధర వస్తుంది.